శిక్ష తీరినవాడి చేతికి బంతి ఇవ్వాలా?

2002 నవంబరు 24. కార్తీక మాసం, ఆదివారం. మామూలుగా అయితే ఈపాటికి మీరు ఏ మామిడి తోటలోనో ఉసిరి చెట్టు నీడన వనభోజనాల విస్తరి ముందు ఉండాల్సినవారు. ఇవాళ మాత్రం బెజవాడ బందరు రోడ్డులో, ఇందిరా గాంధీ మున్సిపల్ స్టేడియం సిమెంటు మెట్ల మీద కూర్చున్నారు. గుడివాడ నుంచి, బందరు నుంచి, తెనాలి నుంచి తెల్లవారకముందే బయల్దేరి వచ్చిన జనం. మోకాలికి మోకాలు తగులుతోంది. డెల్టాలో సార్వా కోతలు పడ్డాయి. చేలో కూలీలను తమ్ముడికి అప్పజెప్పి వచ్చానని పక్కాయన చెబుతూనే వేరుశనక్కాయల పొట్లం మీ వైపు చాపాడు.

ఏడు వన్డేల సిరీస్‌లో ఇది ఏడోది. భారత్, వెస్టిండీస్ చెరి మూడు గెలిచాయి. ఈ సిరీస్‌లోనే జంషెడ్‌పూర్‌లో, నాగపూర్‌లో, రాజ్‌కోట్‌లో జనం మైదానంలోకి సీసాలు విసిరి ఆట ఆపించారు. మన ఊరికి ఆ పేరు రాకూడదని మీ మనసులో ఒక మూల ఉంది.

వెస్టిండీస్ బ్యాటింగ్. సన్నగా, పొడుగ్గా, ఎక్కడికీ తొందర లేనట్టు నడిచొచ్చే ఒక కుర్రాడు క్రీజులో ఉన్నాడు. మార్లన్ శామ్యూల్స్, 21 ఏళ్లు. కొద్ది వారాల కిందటే కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో తొలి టెస్టు సెంచరీ కొట్టాడు. మొదట్లో మీరు పట్టించుకోలేదు. తర్వాత బంతి మీ నెత్తి మీదుగా వెళుతుంటే పట్టించుకోక తప్పలేదు. మన బౌలర్ పరుగెత్తి వస్తాడు, వేస్తాడు, తలెత్తి ఆకాశంలోకి చూస్తాడు. ఇదే వరస. 75 బంతుల్లో 108, నాటౌట్. వన్డేల్లో అతనికి అదే మొదటి సెంచరీ. వెస్టిండీస్ 6 వికెట్లకు 315. మనవాళ్లు 180కే చాప చుట్టేశారు. 135 పరుగుల ఓటమి, సిరీస్ 4–3తో వాళ్లది. మెట్లు దిగుతూ జనం మనవాళ్లను తిడుతున్నారు గానీ ఆ కుర్రాణ్ని ఎవరూ ఏమీ అనడం లేదు. ‘ఏం కొట్టాడండీ’ అంటున్నాడు పక్కాయన, పొట్లం కాగితం నలిపి జేబులో పెట్టుకుంటూ. శామ్యూల్స్ పుట్టిన ఊరు జమైకాలోని కింగ్‌స్టన్. అతని వన్డే సెంచరీల లెక్క మొదలైన ఊరు మాత్రం మనది. ఆ తర్వాత ఈ మైదానానికి మగవాళ్ల అంతర్జాతీయ మ్యాచ్ మళ్లీ రాలేదు.

ఇక నాలుగేళ్లు దాటి రండి. 2007 జనవరి, నాగపూర్. మళ్లీ భారత్, వెస్టిండీస్ వన్డే. మ్యాచ్‌కు ముందు శామ్యూల్స్ ఫోనులో మాట్లాడుతున్నాడు. అవతల ఉన్నది ఒక బుకీ. ఆ లైను మీద మూడో చెవి కూడా ఉందని, అది నాగపూర్ పోలీసులదని ఇద్దరికీ తెలియదు. ఎవరు ఎప్పుడు బౌలింగ్‌కు వస్తారన్న జట్టు లోపలి సంగతులు ఆ మాటల్లో దొర్లాయి. కొన్ని రోజులకే అది పత్రికలకెక్కింది. తప్పేమీ చేయలేదని శామ్యూల్స్ అన్నాడు. 2008 మే నెలలో అతనికి రెండేళ్ల నిషేధం పడింది. బ్యాటర్‌గా చేతికి పదునెక్కే 27వ ఏట ఇంట్లో కూర్చున్నాడు.

బెజవాడలో ఆ వార్త చదివిన రోజు మీకు ఏమనిపించి ఉంటుంది? నాకైతే కడుపులో దేవినట్టయింది. ఇతను ఎక్కడో దేశం కాని దేశం నుంచి వచ్చిన పరాయివాడే. కానీ మనం గొంతు పోయేలా అరిచిన ఒక ఆదివారం కూడా అతని లెక్కలో ఉంది. ఆ సెంచరీ నిజమైనదేనా అని ఒక్క క్షణం అనుమానం వస్తుంది చూడండి, ఆటలో జరిగే అసలు నష్టం అది. ఆ మ్యాచ్ మీద ఎవరూ ఏ వేలూ చూపలేదు. అయినా అనుమానం వెనక్కి నడిచి వెళ్లి పాత సంతోషాలను కూడా తాకుతుంది. క్రీడాకారుణ్ని క్షమించడం కష్టమయ్యేది ఇందుకే. దొంగ మన వస్తువు ఒకటి ఎత్తుకుపోతాడు, ఇతను మన జ్ఞాపకాలన్నిటినీ తాకట్టు పెట్టాడు.

2012 అక్టోబరు 7, కొలంబో. టీ20 ప్రపంచకప్ ఫైనల్. మీరు ఏలూరు రోడ్డులో ఒక టీ కొట్టు ముందు నిలబడి టీవీ చూస్తున్నారు. పది ఓవర్లయ్యేసరికి వెస్టిండీస్ 2 వికెట్లకు 32. గేల్ అవుటయ్యాడు. ఇక అయిపోయిందని టీ కొట్టాయన గిన్నెలు కడగడానికి లేచాడు. అప్పుడు శామ్యూల్స్ శ్రీలంక పేసర్ మలింగను కొట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో మలింగను అలా కొట్టడం ఎవరి ఊహలోనూ లేదు. అతని ఆరు సిక్సర్లలో అయిదు మలింగ బౌలింగ్‌లోవే. 56 బంతుల్లో 78. వెస్టిండీస్ 137 చేసింది, శ్రీలంక 101కే కూలింది. ‘ఈడేగా మన స్టేడియంలో వాయించింది!’ అని ఎవరో అన్నారు. ‘ఫిక్సింగోడు కాదూ?’ అని ఇంకొకరు. ‘శిక్ష పడింది, అయిపోయింది కదండీ’ అని మూడో గొంతు. ఆ మూడు మాటల మధ్యే ఈ విషయమంతా ఉంది. మూడో గొంతు నాది.

నాలుగేళ్ల తర్వాత, 2016 ఏప్రిల్ 3న, తొలి టెస్టు సెంచరీ కొట్టిన అదే ఈడెన్‌లో మరో టీ20 ప్రపంచకప్ ఫైనల్. 11 పరుగులకు మూడు వికెట్లు పోయిన జట్టును 66 బంతుల్లో 85 నాటౌట్‌తో నిలబెట్టాడు. ఆఖరి ఓవర్లో బ్రాత్‌వైట్ వరసగా నాలుగు సిక్సర్లు కొట్టగలిగాడంటే, అంతదాకా మ్యాచ్‌ను బతికించిన చెయ్యి శామ్యూల్స్‌ది. రెండేళ్ల శిక్షను ఎవరైనా యావజ్జీవం చేసి ఉంటే ఈ రెండు రాత్రులు ఉండేవి కావు.

కానీ ఇక్కడ ఆగి ఒక చేదు నిజం ఒప్పుకోవాలి. అతను పదో నంబరు బ్యాటర్ అయి ఉంటే ఎవరు వెనక్కి పిలిచేవారు? మన లోకంలో క్షమాపణ చాలాసార్లు పరుగులకే దొరుకుతుంది, మనిషికి కాదు.

ఇప్పుడు ఢిల్లీకి రండి, నిజంగా జైలు గోడల దగ్గరికి. 2013 మే 16 తెల్లవారుజామున ఢిల్లీ పోలీసులు ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణలపై భారత పేసర్ శ్రీశాంత్‌ను, రాజస్థాన్ రాయల్స్‌లో అతని సహచరులు అజిత్ చండీలా, అంకిత్ చవాన్‌లను ముంబైలో అరెస్టు చేశారు. మన ఊళ్లో ఎండ మండిపోతోంది, ఫ్యాను కింద పడుకుని టీవీలో ముసుగు కప్పిన తలలను చూస్తున్నారు మీరు. 2007 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో పాకిస్థాన్ బ్యాటర్ మిస్బా లేపిన బంతి గాల్లోంచి దిగుతుంటే దాని కింద నిలబడిన మనిషి ఇతనే. ఆ క్యాచ్‌ను దేశమంతా కలిసి పట్టింది. ఆ చేతులే తీహార్ జైలుకు వెళ్లాయి. దాదాపు నాలుగు వారాల తర్వాత బెయిల్. సెప్టెంబరులో బీసీసీఐ యావజ్జీవ నిషేధం వేసింది. 2015 జులైలో ఢిల్లీ కోర్టు అతనిపై అభియోగాలను కొట్టేసింది. కోర్టు వదిలినా బోర్డు వదల్లేదు. 2017 ఆగస్టులో కేరళ హైకోర్టు నిషేధం ఎత్తేసింది, అక్టోబరులో అదే హైకోర్టు డివిజన్ బెంచి మళ్లీ పెట్టింది. చివరికి 2019 మార్చి 15న సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. తప్పు జరిగిందన్న బోర్డు నిర్ణయాన్ని కోర్టు తుడిచేయలేదు. జీవితకాలం ఆటకు దూరం పెట్టడం మాత్రం ఎక్కువని, శిక్ష ఎంత ఉండాలో మూడు నెలల్లో మళ్లీ చూడమని అంది. బోర్డు అంబుడ్స్‌మన్ జస్టిస్ డి.కె. జైన్ దాన్ని ఏడేళ్లకు తగ్గించారు.

ఏడేళ్లు 2020 సెప్టెంబరులో తీరాయి. 2021 జనవరి 11, వాంఖడే స్టేడియం. కరోనా కాలం, స్టాండ్లలో ప్రేక్షకులు లేరు. సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీలో కేరళ, పుదుచ్చేరి మ్యాచ్. 37 ఏళ్ల శ్రీశాంత్ చేతికి కొత్త బంతి వచ్చింది. మీరు ఫోన్‌లో చూస్తున్నారు. వేగం తగ్గింది, మణికట్టు తగ్గలేదు. అవుట్‌స్వింగర్ ఒకటి లోపలి నుంచి బయటికి తిరిగి బ్యాటర్ ఫాబిద్ అహ్మద్ వికెట్లను కూల్చింది. మొహంలో ఆ పాత ఉగ్రం కనిపించి వెంటనే కరిగిపోయింది. ఓవర్లు పూర్తయ్యాక పిచ్‌కు చేతులు జోడించాడు. ఏడాది తర్వాత, 2022 మార్చిలో, ఆట మానేస్తున్నట్టు చెప్పాడు. మళ్లీ ఇండియాకు ఆడలేదు. అయినా అతనికి దక్కింది చిన్నదని నేను అనుకోను. ఆటగాడిగా వెళ్లిపోవడం వేరు, గెంటేయబడి పోవడం వేరు.

మన తెలుగు నేల మీద జరిగింది కూడా చెప్పుకోవాలి. 2012 నవంబరు 8న మీరు హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున, అప్పటి మన ఉమ్మడి హైకోర్టు ఆవరణలో ఉన్నారనుకోండి. నల్లకోట్ల మధ్య ఒక కబురు పరుగెడుతోంది. మాజీ కెప్టెన్ అజహరుద్దీన్‌పై మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలతో బోర్డు 2000 డిసెంబరులో వేసిన యావజ్జీవ నిషేధం చట్టం ముందు నిలవదని తీర్పు వచ్చింది. అజహర్ జైలుకు వెళ్లలేదు. పన్నెండేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు. 99 టెస్టుల దగ్గర ఆగిపోయిన మనిషి గెలిచేనాటికి వయసు 49. తీర్పు చేతికొచ్చింది, బ్యాటు పట్టే వయసు ఎటో పోయింది. నిర్దోషి అని నమ్మినా దోషి అని నమ్మినా, ఇంత ఆలస్యం మాత్రం ఎవరికీ న్యాయం కాదు. క్రీడాకారుడి పనికొచ్చే వయసు పదిహేనేళ్లు. అందులో పన్నెండు వాయిదాల్లో కరిగిపోతే శిక్ష తగ్గించినా ఒకటే, తగ్గించకపోయినా ఒకటే.

క్షమించినందుకు మనకే గాయమైన రోజూ ఉంది. పాకిస్థాన్ పేసర్ మహ్మద్ ఆమిర్ 2010 ఆగస్టులో లార్డ్స్‌లో డబ్బు కోసం కావాలని నోబాల్స్ వేసినప్పుడు 18 ఏళ్లవాడు. మరుసటి ఏడాది నవంబరులో లండన్‌లోని సదర్క్ కోర్టు ఆరు నెలల జైలు వేసింది. కెప్టెన్ సల్మాన్ బట్‌కు రెండున్నరేళ్లు, మరో బౌలర్ ఆసిఫ్‌కు ఏడాది. చిన్నవాడికి తక్కువ, నడిపించినవాడికి ఎక్కువ. ఆ తూకం నాకు నచ్చింది. అయిదేళ్ల నిషేధం తీరి ఆమిర్ శిబిరానికి వస్తే సహచరులు హఫీజ్, అజహర్ అలీ అతనితో కలిసి సాధన చేయలేమన్నారు. వాళ్ల కోపమూ న్యాయమే. నిజాయితీగా ఆడినవాడి పక్కన అమ్ముడుపోయినవాణ్ని నిలబెడితే మొదటివాడి మనసు గాయపడదా? తర్వాత వాళ్లే మనసు మార్చుకుని వచ్చారు. ఇక 2017 జూన్ 18, ఓవల్. చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్. మీ ఇంటి హాల్లో చుట్టాలంతా చేరారు. ఆమిర్ తొలి ఓవర్లోనే రోహిత్. తర్వాత కోహ్లి. తర్వాత ధావన్. 16 పరుగులకు 3 వికెట్లు. మనం 158కి ఆలౌట్, 180 పరుగుల తేడాతో ఓటమి. ‘జైలుకెళ్లొచ్చినోడికి బంతెవరిచ్చార్రా’ అని మీ బాబాయి లేచి వెళ్లిపోయాడు. పక్క గదిలోకి వెళ్లినా టీవీ వినబడుతూనే ఉంది. ఆ స్పెల్‌ను నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. ఓడిన జట్టు మనిషిగా ఆ మాట అనడానికి కొంచెం గుండె కావాలి, అయినా అంటాను.

అన్ని తప్పులూ ఒకటి కావు. 2021 మే 4 రాత్రి ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియంలో జరిగిన దాడి తర్వాత యువ మల్లయోధుడు సాగర్ ధన్‌కడ్ ప్రాణం పోయింది. రెండు ఒలింపిక్ పతకాల సుశీల్ కుమార్ ఆ కేసులో నిందితుడు. తేల్చాల్సింది కోర్టు. కానీ ఒక ఇంట్లో బిడ్డ పోయిన చోట రెండో అవకాశం గురించి మొదట మాట్లాడే హక్కు ప్రేక్షకులకు లేదు. పతకాలు చూపించి ఆ తల్లిదండ్రుల ఎదుట ఎవరూ వాదించకూడదు. ఆ విషయం నేను ఇంతకంటే సాగదీయను.

ఇప్పుడు మళ్లీ బెజవాడ. గాంధీనగర్‌లో జిల్లా జైలు గోడ పక్కగా నడవండి. గోడకు ఇవతల మామూలు ఊరే. స్కూటర్లు, టిఫిన్ బండ్లు, ములాఖాత్ కోసం సంచులతో వచ్చిన ఆడవాళ్లు. పెద్ద శిక్షలు పడినవాళ్లు ఇక్కడ ఉండరు, రాజమహేంద్రవరం సెంట్రల్ జైలుకు వెళతారు. మన రాష్ట్రంలో జైళ్ల శాఖ పెట్రోలు బంకులు నడుపుతోంది, వాటిలో ఖైదీలే పెట్రోలు పోస్తారు. మీరు బండి ఆపుతారు, ‘రెండొందలకి’ అంటారు, డబ్బు ఇస్తారు. పోసినవాడు ఏ కేసులో లోపలికి వెళ్లాడని అడగరు. మీటరు సున్నా దగ్గర ఉందో లేదో మాత్రం చూసుకుంటారు. నాకు సరైనదనిపించే పద్ధతి అదే. పని ఇవ్వాలి, మీటరు చూసుకోవాలి.

మీటరు ఎందుకంటారా? ఆంధ్ర తరఫున రంజీ ఆడిన ఒక కుర్రాడు ఉన్నాడు. రికార్డు కోసం రోజుల తరబడి నెట్స్‌లో బ్యాటు దించకుండా ఆడినవాడు. జట్టులో చోటు పోయింది. తర్వాత పెద్దల పేర్లు వాడుకుని కంపెనీల దగ్గర స్పాన్సర్‌షిప్ పేరుతో డబ్బులు గుంజాడన్న ఆరోపణలతో పదే పదే అరెస్టయ్యాడు. ఒకసారి అప్పటి సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ పేరు, ఇంకోసారి మంత్రి పీఏనని, మరోసారి ముఖ్యమంత్రి పీఏనని. బెజవాడ పోలీసులూ పట్టుకున్నారు, 2023లో ముంబై పోలీసులూ పట్టుకున్నారు. అతని పేరు ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు. కానీ అతని కథ చదివినప్పుడు నాకు కోపం కంటే ముందు ఒక ప్రశ్న వచ్చింది. మొదటిసారి బయటికి వచ్చిన రోజున అతనికి తెలిసిన ఒకే ఒక్క విద్యతో రోజుకు నాలుగు డబ్బులు సంపాదించే దారి ఎవరైనా చూపించారా? ఒక క్లబ్బు, ఒక నెట్, పిల్లలకు బంతులు విసిరే పని? చూపించినా మళ్లీ అదే చేసేవాడేమో. చూపించకపోతే చేయడానికి అతనికి మిగిలింది మాత్రం అదే.

శామ్యూల్స్ దగ్గరా అదే ఎదురైంది. రెండు ప్రపంచకప్ ఫైనళ్ల వీరుడు 2019 నాటి అబుదాబి టీ10 లీగ్ విషయంలో మళ్లీ చిక్కాడు. తీసుకున్న కానుకలు, మర్యాదల సంగతి అధికారులకు చెప్పలేదని, దర్యాప్తుకు సహకరించలేదని తేలింది. 2023 నవంబరులో ఆరేళ్ల నిషేధం. కొలంబో రాత్రి చూసిన మనకు ఇది మింగుడుపడదు. ‘చూశావా, అప్పుడే చెప్పాను’ అనే రెండో గొంతు టీ కొట్టు దగ్గర మళ్లీ లేస్తుంది. ఆ గొంతుకు నా జవాబు ఇది. రెండో అవకాశం మనిషి మారాడన్న హామీ కాదు. 2007 తప్పుకు శిక్ష తీరింది, కాబట్టి 2012లో ఆడాడు. 2019 తప్పుకు మళ్లీ శిక్ష పడింది, కాబట్టి గేటు మూసుకుంది. మొదటి గేటు తెరవడం తప్పయితే రెండో గేటు మూయడానికి మనకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చేది?

ఇంకొక మాట, డెల్టా మనుషులుగా మనం వినాల్సింది. ఐపీఎల్ వచ్చిందంటే బెజవాడలో, గుడివాడలో, భీమవరంలో పందేలు ఎలా సాగుతాయో మీకు తెలుసు. లాడ్జి గదుల్లో, అపార్ట్‌మెంట్లలో వరసగా ఫోన్లు పెట్టుకుని కూర్చున్న బుకీలను పోలీసులు పట్టుకోవడం ప్రతి సీజన్‌లో జిల్లా పేజీలో కనబడుతుంది. సంక్రాంతి బరుల దగ్గర కోడి మీద కాసే చెయ్యే వేసవిలో ఓవరు మీద కాస్తోంది. నాగపూర్ ఫోనులో అవతల ఉన్న గొంతుకు జీతం ఇచ్చేది ఆ డబ్బే. కుర్రాడు చేసింది తప్పే, శిక్ష పడాల్సిందే. కానీ పందెం కాసి ఇంటికొచ్చి ‘వాణ్ని జన్మలో ఆడనివ్వకూడదు’ అనే పెద్దమనిషి ముందు తన ఫోను చూసుకోవాలి.

చివరగా మూలపాడు రండి. హైదరాబాద్ రోడ్డులో ఇబ్రహీంపట్నం దాటాక ఆంధ్ర క్రికెట్ సంఘం మైదానం. 2016 నవంబరులో మన అమ్మాయిలు వెస్టిండీస్ అమ్మాయిలతో వన్డేలు ఆడింది ఇక్కడే. దూరంగా కొండపల్లి కొండలు, నెట్స్‌లో అండర్-16 పిల్లలు. మీరు మీ అబ్బాయి కిట్ బ్యాగు మోసుకొచ్చి చెట్టు కింద నిలబడ్డారు. కోచ్ మీ దగ్గరికి వచ్చాడనుకోండి. ‘ఒకాయన ఉన్నాడండీ. రంజీ ఆడాడు. తప్పు చేసి జైలుకెళ్లొచ్చాడు, నిషేధమూ తీరింది. రేపటి నుంచి మన పిల్లలకు నెట్స్‌లో బౌలింగ్ వేస్తానంటున్నాడు. మీరేమంటారు?’

మీ అబ్బాయి వైపు చూస్తారు. వాడు ప్యాడ్లు కట్టుకుంటున్నాడు, ఇవేవీ తెలియదు.

ఐసీసీ ఆమిర్‌తో ఒక వీడియో చేయించింది, తను ఎలా చిక్కుకున్నాడో కుర్ర ఆటగాళ్లకు చెప్పమని. మన సంఘాలు చేయాల్సింది అలాంటిదే, ఇంకా దగ్గరగా. మొదటి ఫోను ఎవరు చేశారు, మొదటి కానుక ఏ రూపంలో వచ్చింది, కాదనలేకపోయిన క్షణం ఎలా ఉంటుందన్నది ఆ మనిషి పిల్లల ముందు కూర్చుని తన నోటితో చెప్పాలి. ఇంగ్లీషు స్లైడ్లు చూపించి వెళ్లే అధికారికి అది చేతకాదు. ఇవన్నీ కాగితం మీద ముందే రాసి ఉండాలి. శిక్ష తీరిన తేదీ, క్లబ్బులో చేరే తేదీ, ఎన్నాళ్లు పర్యవేక్షణ, ఎప్పటి నుంచి సెలక్షన్‌కు అర్హత. లాయర్లను పెట్టుకోగల స్టార్‌కూ, దివిసీమ నుంచి బస్సెక్కి వచ్చిన పేరులేని బౌలర్‌కూ ఆ కాగితం ఒకటే కావాలి.

కోచ్ ఇంకా మీ జవాబు కోసం చూస్తున్నాడు. నన్ను అడిగితే ఇలా అంటాను: ‘రేపు పొద్దున్నే రమ్మనండి, మావాడికి వేయమనండి. జట్టు ఎంపికలో కూర్చోబెట్టకండి, ఫీజుల పుస్తకం కొన్నేళ్లు ఆయన చేతికి ఇవ్వకండి. బంతి మాత్రం ఇవ్వండి, కొత్తది.’